రాయనమ్మ ఫిర్యాదు

ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన మనిషి మొదట ఏం చేస్తాడు? ప్రతి కొత్త బ్యాచినీ పంతులమ్మ మొదటి రోజు అడిగే ప్రశ్న ఇది. అరుస్తాడంటారు సగం మంది. బల్ల గుద్దుతాడంటారు మిగతా సగం. పంతులమ్మ అందరి జవాబులూ తీరుబడిగా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంటుంది.

"అరిచేవాళ్ళకి మీరు దణ్ణం పెట్టుకోవాలి," అంటుంది. "నొప్పి ఎక్కడో వాళ్ళే చూపిస్తారు. మీ పనల్లా నవ్వుతూ థాంక్స్ చెప్పి, తాళం మీ చేతిలో పెట్టి, మళ్ళీ జన్మలో మీ గడప తొక్కని వాళ్ళతోనే."

ఆ శిక్షణ కేంద్రం ఒక టైర్ల కొట్టు పైన, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది కానీ అది తనకి బుద్ధి పుట్టినప్పుడే కదులుతుంది. హోటళ్ళలో, విమానాశ్రయంలో, ఆసుపత్రుల్లో కౌంటర్ల వెనక నిలబడబోయే వాళ్ళకి, ఇప్పటికే నిలబడి తిట్లు తింటున్న వాళ్ళకి అక్కడ ఫిర్యాదులు వినడం నేర్పుతారు. ఆ ఊరికి పది దేశాల వాళ్ళు వస్తారు. పది భాషలు మాట్లాడతారు, పది రకాలుగా నొచ్చుకుంటారు. గది మధ్యలో ఎదురెదురుగా రెండు కుర్చీలు, చుట్టూ మిగతా కుర్చీలు. బల్ల మాత్రం లేదు. బల్ల ఉంటే దాని వెనక దాక్కుంటారని పంతులమ్మ ఉద్యోగంలో చేరిన వారంలోనే దాన్ని బయటికి తోయించింది.

ఆమె నేర్పే పాఠంలో మెట్లు మూడే. వినాలి, విన్నదాన్ని తిరిగి చెప్పాలి, ఆ తరవాత "మీకేం కావాలి?" అని అడగాలి. చిక్కంతా రెండో మెట్టు దగ్గరే. ఫిర్యాదుదారు ఏ భాషలో, ఏ తీరులో చెప్పినా సరే, వినేవాడు దాన్ని తన నోటితో తిరిగి చెప్పాలి. ఎదుటి మనిషి "అవును, అదే" అనేదాకా చెబుతూనే ఉండాలి. అప్పటిదాకా క్షమించండి అనకూడదు, పళ్ళబుట్ట పంపిస్తామనకూడదు, కుర్చీలోంచి లేవకూడదు. విద్యార్థులు దీనికి 'అవునదే' అని పేరు పెట్టుకున్నారు. ఒక్కోసారి పది నిమిషాల్లో తేలుతుంది, ఒక్కోసారి గంట పడుతుంది. ఒకసారి ఒక కుర్రాడు మధ్యాహ్నం భోజనం మానుకుని మరీ కూర్చున్నాడు.

ఈ పాఠం ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. తన బాధను ఎవరూ ఒక్కసారైనా తిరిగి చెప్పలేదు కనక, అందులోంచే పుట్టించుకుంది. ఆ సంగతి ఆమె అక్కకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఈసారి బ్యాచి మొదటి రోజున గదిలోకి ముందు ఒక కోటు వచ్చింది. కోటు వెనక మనిషి వచ్చాడు. ఎండ మాడిపోతోంది, గదిలో ఫ్యాను తిరగను తిరగనంటోంది, ఆయన మాత్రం మూడు గుండీలూ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. యాభై ఏడేళ్ళుంటాయి. ఊళ్ళో పెద్ద హోటల్లో మేనేజరు. అక్కడి పనివాళ్ళందరికీ ఆయన కోటు సారు. పంతులమ్మ హాజరు పిలుస్తూ ఆయన పేరు రెండుసార్లు పిలిచింది. ఒక్క క్షణం ఆగి, దగ్గి, తరవాతి పేరు పిలిచింది.

ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. పడితే వింతే. పన్నెండేళ్ళ కిందట ఆయన కౌంటర్లో పనిచేసేటప్పుడు ఆమెకి నడుం దాకా జడ, నలభై అయిదు కిలోల బరువు. ఇప్పుడు మెడ దాకా కత్తిరించిన జుట్టు, కళ్ళజోడు, బరువు ఎంతని అడగడం మర్యాద కాదు. అయినా కారణం అది కాదు. కౌంటరు పిల్లల మొహాలు ఆయన ఏనాడూ చూడలేదు. చొక్కాకి తగిలించిన బిళ్ళ చూసి పిలిచేవాడు, అది వంకరగా ఉందని తిట్టేవాడు. ఇక్కడేమో ఆమె అందరికీ మేడమే, పేరు ఎవరూ అడగరు.

"హోటలు చేతులు మారిందండీ," అని చెప్పుకున్నాడు తన వంతు వచ్చినప్పుడు. "ముప్పయ్యేళ్ళ అనుభవం అంటే కొత్త యజమానులు వినరు. ఈ సర్టిఫికెట్టు ఉంటేనే కుర్చీ అంటున్నారు. సరే, ఈ వయసులో పలకా బలపం పట్టుకుందామని వచ్చాను."

అందరూ నవ్వారు. మనిషికి మాట చక్కగా పలుకుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఎవరికి వాళ్ళు తమ పనిలో చూసిన ఒక ఫిర్యాదు చెప్పాలని పంతులమ్మ అడిగింది. విమానాశ్రయంలో సామాన్ల కౌంటరు దగ్గర పనిచేసే ఒక పిల్ల, గది మొత్తంలో గలగలా మాట్లాడేది ఆ పిల్లే, తప్పిపోయిన పెట్టె కోసం వచ్చి మూడు గంటలు పాట పాడిన ప్రయాణికుడి సంగతి చెప్పింది. తరవాత కోటు సారు గొంతు సవరించుకున్నాడు.

"నేను రాయనమ్మ కథ చెబుతాను."

"అయ్యో సార్, అది మాకూ తెలుసు!" అని అరిచింది విమానాశ్రయం పిల్ల. "మా దగ్గర కొత్తగా చేరగానే మొదట చెప్పేది అదే. ఏదైనా రాయడం మర్చిపోతే చాలు, ఏమే రాయనమ్మా అంటారు."

"అది మా హోటల్లో జరిగిందే అమ్మాయ్," అన్నాడాయన గర్వంగా. "నా కళ్ళ ముందు."

చెప్పాడు. కౌంటర్లో ఒక పిల్ల ఉండేదట. దూరదేశం నుంచి వచ్చిన ముసలి దంపతులు ఆమె దగ్గరికి వచ్చి, స్నానాలగదిలో టైలు ఊడింది, ముసలావిడ కాలు బెణికింది అని వేళ్ళతో చూపించి మరీ మొత్తుకున్నారట. పిల్ల గోళ్ళకి రంగు వేసుకుంటోందట. ఊఁ కొట్టి ఊరుకుందట. ఫిర్యాదుల పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదట. ఎనిమిది రోజుల తరవాత అదే గదిలో ఇంకొకావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట.

"విచారణలో పుస్తకం తెరిస్తే ఏముంది? తెల్ల కాగితం," అంటూ చేతులు రెండూ చాపాడు. "ఆవిడ తుంటికీ ఈవిడ గోటికీ ముడి పడింది."

గదంతా ఘొల్లుమంది. పంతులమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే తెలిసిపోతుంది.

జరిగింది వేరు. గోళ్ళ రంగు అప్పటికి ఆమె కొనుక్కున్న పాపాన పోలేదు. ఆ ముసలి దంపతులు వేళ్ళతో చూపించనూ లేదు, మొత్తుకోనూ లేదు. దిగిన ఇంట్లో లోటు ఎత్తిచూపడం వాళ్ళ పెంపకంలో లేదు. ముసలాయన కౌంటరు ముందు నిలబడి, చేతిలో చిన్న మాటల పుస్తకం పట్టుకుని, ఒక్కొక్కటే పొగిడాడు. మీ హోటలు బాగుంది. మీ గోడలు బాగున్నాయి. మీ మంచం బాగుంది. మీ కిటికీలోంచి చాలా దూరం కనిపిస్తుంది. అన్నీ చెప్పి స్నానాలగది ఊసు ఎత్తకుండా ఆగిపోయాడు. వెనక సోఫాలో ఆయన భార్య ఒక కాలి జోడు విప్పి కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్లకి ఎవరూ నేర్పకుండానే ఆ మౌనం అర్థమైంది. పైకి వెళ్ళి చూసింది. టైలు కాలు పెడితే ఊగుతోంది. కిందికి వచ్చి ఫిర్యాదుల పుస్తకంలో పేజీ నిండా రాసి, సంతకం పెట్టి, కోటు సారు బల్ల మీద తెరిచి ఉంచింది.

ఆ రోజుల్లో ఆ హోటలు ఒక్క ఫిర్యాదు లేకుండా తొంభై ఆరు రోజులు గడిపింది. వంద నిండితే ఆయనకి పై వాళ్ళు జ్ఞాపిక ఇస్తారు. "ఆయన అన్నీ బాగున్నాయంటే నువ్వు ఫిర్యాదని రాస్తావేమిటి? నీకు భాషే రాదు," అన్నాడు. ఆమె తిరిగి కౌంటరు దగ్గరికి వెళ్ళే లోపల పేజీ చింపడం చప్పుడు వినబడింది. నాలుగు రోజులకి జ్ఞాపిక వచ్చింది. ఇంకో నాలుగు రోజులకి ఆవిడెవరో పడింది. విచారణలో ఆమె ఎంత చెప్పినా, పుస్తకంలో లేని పేజీని ఎవరూ నమ్మలేదు.

ఉద్యోగం పోయినందుకు ఆమె అంత ఏడవలేదు. ఆ ఉద్యోగం వేయించింది మేనమామ. కోటు సారు కాళ్ళావేళ్ళా పడి వేయించాడు. "నలుగురిలో నా తల కొట్టేసినట్టయిందే" అన్నాడు మేనమామ. అదే ఆయన ఆమెతో ఆడిన ఆఖరి మాట. ఆ తరవాత ఏడేళ్ళు బతికాడు, ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు. తన మేనకోడలు రాయనమ్మే అనుకుంటూనే పోయాడు. ఆ పగ ఆమెకి ఎముకల్లోకి దిగింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. జరిగిందంతా విని మిషను ఆపింది.

"గోళ్ళ రంగా? నువ్వా? నీ గోళ్ళు ఏనాడైనా మట్టి లేకుండా ఉన్నాయా?"

"నవ్వకే అక్కా, ఒళ్ళు మండిపోతోంది."

"మండకేం చేస్తుంది. పన్నెండేళ్ళుగా కక్ష కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావు, అందుకే నీకు గ్యాసు. ఇప్పుడు వాడే వచ్చి నీ చేతికి చిక్కాడుగా? పరీక్షలో తప్పించిపారెయ్. పీడా పోతుంది."

"తప్పిస్తే ఏమవుతుంది? పంతులమ్మ కఠినురాలు, నా ఖర్మ, అనుకుని ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. నేను మాత్రం రాయనమ్మనే." చెప్పులు విసిరికొట్టింది. "నలుగురి ముందు వాడి నోటితోనే చెప్పించాలి. నేను రాశాననీ, వాడు చింపాడనీ."

"చెప్తాడా?"

"చెప్పడం రాదు వాడికి. నేర్పుతాను," అంది పంతులమ్మ.

ఆరు వారాలు నేర్పింది. పంతులమ్మ ఎవరికీ అంత శ్రద్ధగా నేర్పి ఎరగదు. రోజూ ముందు ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టేది. విద్యార్థులు ఒక్కొక్కరే తమ సొంత భాషలో ఫిర్యాదు చేసేవాళ్ళు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకూడదు, అయినా ఏమిటో కనిపెట్టాలి. ఒకమ్మాయి చిరునవ్వుతో తిట్టింది. ఒకతను తన బాధ తాను చెప్పుకోవడం చిన్నతనమని పక్కనున్నవాడి చేత చెప్పించాడు. ఇంకొకామె మాట్లాడకుండా కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగకుండా పక్కన పెట్టింది. మొదటి వారం కోటు సారు ఎవరేం చెప్పినా పళ్ళబుట్ట పంపిస్తానన్నాడు.

"చచ్చిన పిల్లి సంగతి చెప్పినా పళ్ళబుట్టేనా సార్?" అంది పంతులమ్మ. "ముందు ఆమె ఏమందో చెప్పండి."

"క్షమించండి మేడమ్..."

"క్షమించండి కూడా వద్దు. ఏమంది?"

క్లాసులో ఆయన్ని చూసి జాలిపడని వాళ్ళు లేరు. చెమటలు కక్కేవాడు, కోటు మాత్రం విప్పేవాడు కాదు. కానీ కడుపు మండించే సంగతేమిటంటే, ఆయన నేర్చుకున్నాడు. రాత్రి పూట పాఠాలు నోటు పుస్తకంలో ఎక్కించుకుని వచ్చేవాడు. మూడో వారానికి మనుషుల మొహాలు చూడటం మొదలుపెట్టాడు. నాలుగో వారంలో పొగడ్తలతో ఫిర్యాదు చేసేవాళ్ళ పాఠం వచ్చింది. వాళ్ళు చెప్పినవి లెక్కపెట్టుకోకండి, చెప్పకుండా వదిలేసినది ఏమిటో చూడండి, అంది పంతులమ్మ. ఆయన తలూపి, రాసుకుని, కింద గీత గీసుకున్నాడు. ఆ ముసలాయన గుర్తొచ్చాడేమోనని ఆమె మొహంలోకి చూసింది. అక్కడ చదువుకునే పిల్లాడి శ్రద్ధ తప్ప ఇంకేమీ లేదు.

ఒకరోజు లిఫ్టు మొరాయిస్తే మెట్ల మీద ఆయన ఆయాసపడుతూ ఆగాడు. "ఇంతకాలం చెవులు లేకుండా బతికానమ్మా," అన్నాడు గోడకి ఆనుకుని. "మీరు పెట్టారు." ఒక్క నిమిషం ఆమెకి మనసు మెత్తబడబోయింది. జాలి దగ్గు లాంటిది, గట్టిగా పట్టుకుంటే ఆగుతుంది. పట్టుకుంది. "ఇంకా ఒక పాఠం ఉంది సార్," అని మెట్లెక్కింది.

పరీక్షకి హోటళ్ళ సంఘం తరఫున ఒక పరీక్షకురాలు వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. మార్కుల కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని గోడ వారగా కూర్చుంది. ఫిర్యాదుదారు కుర్చీలో ఎప్పుడూ పంతులమ్మే కూర్చుంటుంది, ఏ కేసు తేవాలన్నది ఆమె ఇష్టం. కోటు సారు వంతు ఆఖరున పెట్టింది. విద్యార్థులందరూ ఉండాలని, ఎవరూ ఇళ్ళకి వెళ్ళిపోవద్దని ముందే చెప్పింది.

ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద, అంతా ఆమె నేర్పినట్టే.

"చెప్పండి," అన్నాడు.

పంతులమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ ముసలాయన ఎంత నెమ్మదిగా అన్నాడో అంత నెమ్మదిగా అంది.

"మీ హోటలు బాగుంది. మీ గోడలు బాగున్నాయి. మీ మంచం బాగుంది. మీ కిటికీలోంచి చాలా దూరం కనిపిస్తుంది."

ఆయన ఓపిగ్గా ఆగాడు. ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాడు. "స్నానాలగది గురించి మీరేమీ అనలేదు," అన్నాడు. పరీక్షకురాలు మెచ్చుకోలుగా తలాడించి మార్కులేవో వేసుకుంది.

"దాని గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు," అంది పంతులమ్మ. "మీ కౌంటర్లో అమ్మాయి అప్పుడే రాసేసింది."

అప్పుడు చూశాడు. ఆరు వారాలుగా ఎదురుగా ఉన్న మొహాన్ని, దానికి ముందు రెండేళ్ళు కౌంటర్లో ఉన్న మొహాన్ని, మొదటిసారి చూశాడు.

"మీ ఫిర్యాదు..." అన్నాడు. "స్నానాలగదిలో టైలు ఊడిందని."

"కాదు."

"మీకు సాయం చెయ్యడానికి ఎవరూ రాలేదని."

"కాదు."

"కౌంటర్లో అమ్మాయి రాయలేదని."

"రాసిందని ఇప్పుడే చెప్పాను. మీరు వినలేదు."

"రాసిందేమో. ఆ కాగితం ఎక్కడో పోయిందని మీ బాధ."

"కాదు."

"నేను చూసేసరికి పుస్తకంలో లేదు."

"కాదు సార్."

ఆయన పరీక్షకురాలి వైపు తిరిగాడు. "ఈ కేసు సిలబస్‌లో లేదండీ."

"ఫిర్యాదులకి సిలబస్ ఉంటుందా అండీ?" అంది ఆవిడ నవ్వుతూ. "బాగానే చేస్తున్నారు, కానివ్వండి."

ఆయన లేవబోయాడు. మోకాళ్ళ మీద చేతులు బిగించాడు కూడా. "సార్ సార్, అవునదే రాకుండా లేవకూడదు," అని విమానాశ్రయం పిల్ల పాపం గుర్తుచేసింది. లేస్తే తప్పినట్టే. తప్పితే నెలాఖరుకి కుర్చీ పోతుంది. ముప్పయ్యేళ్ళ అనుభవమున్న మేనేజరు మళ్ళీ కూర్చున్నాడు.

పావుగంట గడిచింది. పొరపాటు అన్నాడు. పై వాళ్ళ ఒత్తిడి అన్నాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవాళ్ళన్నాడు. ప్రతిదానికీ పంతులమ్మ కాదంది. గొంతు పెంచలేదు. పెంచే అవసరం ఏముంది? పన్నెండేళ్ళు ఆగిన మనిషికి పావుగంట ఒక లెక్కా? ఆయన నుదుటి మీద చెమట కారుతుంటే ఆమెకి వేసవిలో చల్లనీళ్ళు తాగినట్టుంది, ఆ మాట దాచడమెందుకు. గదిలో కుర్చీలు కిర్రుమనడం ఆగిపోయింది. ఇది పరీక్ష కాదని ముందు విమానాశ్రయం పిల్లకి తెలిసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కోటు సారు గుండీలు ఒక్కొక్కటే విప్పి, కోటు తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"మీరు రాశారు," అన్నాడు. "పేజీ నిండా రాశారు. నేను చదివాను. వంద రోజులకి ఇంకా నాలుగే రోజులున్నాయి. ఆ పేజీ నేనే చింపాను. ఆవిడ పడ్డాక, మీరు రాయలేదని విచారణలో చెప్పాను. ఆ తరవాత పన్నెండేళ్ళూ కనబడ్డ వాళ్ళందరికీ అదే చెప్పాను. గోళ్ళ రంగు నేను కల్పించిందే."

"ఇంకా."

"మీ మేనమామ మా ఇంటికొచ్చి అడిగాడు. ఆయనకీ అదే చెప్పాను."

పంతులమ్మకి ఈ సంగతి తెలియదు. మేనమామ వెళ్ళి అడిగాడన్నమాట. ఒక్కసారైనా, తన మేనకోడలు అలాంటిది కాదేమోనని అనుమానపడి, ఆ గుమ్మం ఎక్కాడన్నమాట. ఆమెకి కళ్ళు మసకబారాయి. కళ్ళజోడు తియ్యలేదు.

"అవును," అంది. "అదే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పరీక్షకురాలి కలం కాగితం మీదే ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో "మన మేడమేనా రాయనమ్మ?" అని గుసగుసలాడితే, పక్కవాళ్ళు ఊరుకోమన్నారు. అనుకున్నదంతా జరిగింది. పంతులమ్మ లేవబోయింది.

"మీకేం కావాలమ్మా?" అన్నాడు కోటు సారు.

మూడో మెట్టు. ఆమె నేర్పిందే. ఎగతాళిగా అనలేదు, తల వంచుకుని, అడగాలి కాబట్టి అడిగాడు. ఆమెకి చప్పున జవాబు తట్టలేదు. స్నానం చేస్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పన్నెండేళ్ళు ఈ రోజుని మనసులో ఆడించుకుంది. ప్రతిసారీ ఆయన ఒప్పుకోవడంతో ఆట అయిపోయేది. ఆ తరవాత ఏం కావాలో ఒక్కసారీ ఆలోచించలేదు. ఉద్యోగమా? ఆ హోటలు మొహం చూడాలని లేదు. మేనమామ లేడు. డబ్బుతో ఆమెకి పని లేదు.

"కథలు బాగా చెబుతావుగా," అంది చివరికి. మీరు కాస్తా నువ్వయింది, ఆపుకోవాలనీ అనుకోలేదు. "మానకు. ఇంకా చెప్పు. మీ హోటల్లో కొత్తగా చేరే ప్రతి ఒక్కళ్ళకీ, మొదటి రోజే నిలబెట్టి చెప్పు. పేజీ నువ్వే చింపావని చెప్పు. చెప్పలేదని నాకు తెలిసిందో, ఈసారి మీ ఇంటికొచ్చి నేను చెబుతాను."

"చెబుతాను," అన్నాడాయన.

పరీక్షకురాలు బయట వరండాలో పంతులమ్మని నిలేసింది. ఇది పద్ధతేనా అని కాసేపు కోప్పడింది. తరవాత, ఎన్ని మార్కులు వెయ్యమంటారని అడిగింది.

"పాసు చెయ్యండి. చక్కగా విన్నాడు," అంది పంతులమ్మ. "తప్పిస్తే ఇంటికి పోతాడు. అక్కడే ఉండాలి. నెలనెలా కొత్తవాళ్ళు వస్తారు, నెలనెలా వాళ్ళ ముందు తన నోటితో తన పరువు తీసుకోవాలి."

పరీక్షకురాలు ఆమెను ఎగాదిగా చూసి, "మీతో ఎవరూ పెట్టుకోకూడదు," అని సంతకం పెట్టింది. ఆ రాత్రి పంతులమ్మకి పడుకున్న వెంటనే నిద్ర పట్టింది.

ఏడాది కావస్తోంది. ఊళ్ళో రాయనమ్మ మాట వినబడటం మానేసింది. అక్క ప్యాంట్లు పొట్టి చేస్తూనే ఉంది, పంతులమ్మకి గ్యాసు తగ్గింది. కొత్త బ్యాచి వచ్చింది. అందులో ఆ హోటల్లో కౌంటర్లో పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది. చొక్కాకి బిళ్ళ నిటారుగా పెట్టుకుంది. మీ పనిలో చూసిన ఒక ఫిర్యాదు చెప్పండి అనగానే చెయ్యెత్తింది.

"మా దగ్గర పేజీ చింపిన సారు ఉన్నారు మేడమ్."

పంతులమ్మ హాజరు పుస్తకం మూసేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "చెప్పమ్మా, మొదటి నుంచీ చెప్పు."

"భలే చెబుతారు మేడమ్ ఆయన. ముసలాయనలా నిలబడి, మీ గోడలు బాగున్నాయి, మీ మంచం బాగుంది అంటూ నటించి చూపిస్తారు. అందరం పడీపడీ నవ్వుతాం. అప్పుడు చటుక్కున ఆగిపోయి, ఆ పేజీ నేనే చింపానర్రా, అంటారు. కోటు విప్పి పక్కన పెడతారు. మాకు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. తన తప్పు తనే చెప్పుకునే మనిషి ఎక్కడుంటాడు మేడమ్? అందరం లేచి నిలబడి చప్పట్లు కొడతాం. కొత్త యజమానులు ఒకసారి విని, అన్ని ఊళ్ళలో ఉన్న తమ హోటళ్ళకీ ఆయన్నే శిక్షణ పెద్దగా వేశారు."

గది అంతా ఆహా అంది. ఒకతను మనస్ఫూర్తిగా, "గొప్ప మనసు," అన్నాడు.

"మరి రాసిన అమ్మాయి?" అంది పంతులమ్మ.

"ఏ అమ్మాయి మేడమ్?"

"ఆ పేజీ రాసిన అమ్మాయి. కౌంటర్లో ఉన్నది."

"రాసే ఉంటారు మేడమ్ ఎవరో. అది కథలో రాదు."

పంతులమ్మ ఆ రోజు పాఠం ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు. ఇంటికి వెళ్ళి సంచీ మంచం మీద పడేసి, వాడిని నమిలి మింగినా పాపం లేదని మొదలుపెట్టి, అక్కకి మొత్తం చెప్పింది. అక్క మిషను ఆపకుండానే విన్నది.

"మోసం చేశాడే నన్ను!" అంది పంతులమ్మ.

"ఏం మోసం? నువ్వేం అడిగావు?" అక్క దారం కొరికి తుంపింది. "పేజీ ఎవరు చింపారో చెప్పమన్నావు. చెబుతున్నాడు. ఎవరు రాశారో చెప్పమని నువ్వడగలేదే."

పంతులమ్మ మంచం అంచున కూర్చుంది. అక్క చెప్పింది అక్షరాలా నిజం. తన కోపంలో అతనే నిండి ఉన్నాడు, తనకి తనే చోటు పెట్టుకోలేదు. అతను అడిగినదానికి ఒక్క ముక్క తగ్గించకుండా ఇచ్చాడు, దాని మీద మేడ కట్టుకున్నాడు. ఆ అవమానం పాతదానికంటే వాడిగా ఉంది, ఎందుకంటే ఇందులో సగం తన చేతిదే.

మర్నాడు పొద్దున్నే, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళి, ఆఫీసు గదిలో రిజిస్టరు తీసింది. ఆ సర్టిఫికెట్టుకి గడువు ఒక్క ఏడాదే. ప్రతి వాళ్ళూ ఏడాదికోసారి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుని పరీక్ష ఇచ్చుకోవాలి, శిక్షణ పెద్దలైనా సరే. వచ్చే నెల జాబితాలో కోటు సారు పేరు ఎక్కడో కింద ఉంది. దాన్ని కొట్టేసి అన్నిటికంటే పైన రాసింది.

తరవాత ఒక తెల్ల కాగితం తీసుకుంది. మీకేం కావాలి అని ఈసారి అడిగినప్పుడు తడుముకోకూడదు కదా. కలం గట్టిగా పట్టుకుని, కాగితం మధ్యలో, ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు రాసింది.